రెండో వైరు

నా కంప్యూటర్‌లో ఒకప్పుడు మూడొందల పైచిలుకు ప్లగిన్లు ఉండేవి. ప్లగిన్ అంటే, రికార్డు చేసిన గొంతుకు మెరుగులు దిద్దడానికి వాడే చిన్న సాఫ్ట్‌వేర్. ఒకటి గొంతును గుళ్ళో పాడినట్టు మోగిస్తుంది. ఒకటి అరిచినచోట అణిచి, గొణిగినచోట లేపుతుంది. ఒకటి ముక్కుతో పాడే గొంతుకు ముక్కు తీసేస్తుంది. వాటిలో ముప్పాతిక వంతు ఊరికే వచ్చినవే. ఊరికే వస్తున్నాయంటే నాకు చెయ్యి ఆగదు. మా ఆయన రైల్వేలో పనిచేస్తారు, పాటల గొడవ ఆయనకు పట్టదు. అలాంటి మనిషి కూడా ఒకరోజు నా వెనక నిలబడి ఆ జాబితా చూసి, వీటిలో రోజూ ఎన్ని వాడతావని అడిగారు. నేను మాట మార్చేశాను. అయిదో ఆరో అని చెబితే పరువు ఏం కాను?

నా రికార్డింగ్ గది కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ మేడ మీద ఉంది. పెళ్ళి పాటలు, యూట్యూబులో పెట్టుకునే జానపదాలు, ఆటోల్లో తిరుగుతూ అరిచే ప్రకటనలు, అన్నీ చేస్తాను. గోడలకు కొబ్బరి పీచు పరుపులు కొట్టించాను, ఉద్దానమంతా కొబ్బరి తోటలే, పీచుకేం లోటు. ఎన్ని పరుపులు కొట్టినా కింద మిషన్ల చప్పుడు మాత్రం పైకి వచ్చేది. అవి ఆగేది మధ్యాహ్నం భోజనాల వేళ ఒక్క గంట. నా రికార్డింగులన్నీ ఆ గంటలోనే. మిగతా పొద్దంతా ఈ ప్లగిన్ తీసి ఆ ప్లగిన్ పెట్టడం, ఆ ప్లగిన్ తీసి ఈ ప్లగిన్ పెట్టడం. చీరల కొట్లో కూర్చుని వంద చీరలు దింపించి, ఏదీ నచ్చక లేచి వచ్చేవాళ్ళను చూసి నవ్వుతాం కదా, నా పని అచ్చం అదే. నవ్వడానికి నా వెనక ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

ఎవరూ లేరనడం తప్పు. మా నాన్న ఉన్నారు. టెక్కలిలో నలభై ఏళ్ళు మైకుసెట్టు నడిపిన మనిషి. ఈ చుట్టుపక్కల ఆయన హారన్లు కట్టని పందిరి లేదు. ఎప్పుడూ హారన్ తన ఎడమ పక్కన ఉండేలా నిలబడి వైర్లు సర్దుతూ ఉండేవారు, దాంతో ఎడమ చెవి పూర్తిగా పోయింది. చిన్నప్పుడు ఆయనకు సాయం చేస్తానని వెళ్ళి రెండు సౌండు బాక్సులకు వైర్లు బిగించాను. ఒకదానికి సరిగ్గా, రెండోదానికి తిరగేసి. రెండూ మోగుతున్నాయి గాని వాటి మధ్యలో నిలబడితే పాట పల్చబడిపోయింది. మా నాన్న నెత్తిన ఒక మొట్టికాయ వేసి, ఒకటి గాలిని తోస్తుంటే ఒకటి లాగుతోందే, ఇంకేం వినిపిస్తుంది అన్నారు. ఆ మొట్టికాయ గుర్తుంది గాని ఆ పాఠం మర్చిపోయాను.

అమ్మ పోయాక ఆయన రెండు హారన్లూ, ఒక ఆంప్లిఫయరూ వెంటబెట్టుకుని కాశీబుగ్గలో మా ఇంటికి వచ్చేశారు. నేను పాట పూర్తిచేసినప్పుడల్లా ఇయర్‌ఫోను ఒకటి కుడి చెవిలో పెట్టుకుని, రెండోది నాకిచ్చి వినేవారు. విని బాగుందనేవారు. నాకు ఒళ్ళు మండేది. స్టీరియో అంటే రెండు చెవుల పని నాన్నా, నీకు సగమే వినిపిస్తుంది, నువ్వు బాగుందంటే ఏం లాభం అన్నాను ఒకరోజు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆయన నవ్వి, నా సగం బాగుంది మరి, అని ఊరుకున్నారు.

ఆ రోజుల్లోనే అత్త వచ్చింది. సొంత అత్త కాదు. బారువ దగ్గర ఒక మత్స్యకార పల్లె ఆవిడది. ఎండుచేపల తట్టతో కాశీబుగ్గ సంతకు వచ్చేది. వాళ్ళ గంగమ్మ పండక్కి మా నాన్న ఏటా మైకు కట్టేవారు కాబట్టి ఆయన్ని అన్నా అని పిలిచేది, ఆ లెక్కన నాకు అత్త అయింది. ఆ పల్లెలో పండగ ఒక పద్ధతిగా జరుగుతుంది. పొద్దున్నే ఆడవాళ్ళు ఘటాలు ఎత్తుకుని ఒడ్డుకు వస్తారు. అమ్మవారి పాట ముందు పాడేది ఒక్కరే. ఆవిడ ఒక చరణం అంటే మిగతా ఆడవాళ్ళంతా దాన్ని అందుకుంటారు. ఆవిడ గొంతు లేవనిదే ఇంకెవరూ నోరు విప్పరు. పాట అవనిదే ఒక్క పడవా నీళ్ళలో దిగదు. ముందు పాడే ఆ మనిషి అత్తే, పాతికేళ్ళుగా. వాళ్ళ అత్తగారి తర్వాత ఆ హక్కు ఆవిడకు వచ్చింది. ఆవిడ ఉండగా ఇంకొకరు పాడరు.

ఇంకో నియమం కూడా ఉంది. ఆ పాట ఏడాదికి ఒక్కసారే. సాధన చెయ్యరు, ఇంట్లో కూనిరాగం తీసినా తప్పే. పండక్కి ముందు ఆ పాట బయటి గాలికి వినపడకూడదు.

ఆ ఏడాది అత్త గొంతులో కాయ లేచింది. విశాఖపట్నంలో డాక్టర్లు ఆపరేషన్ చెయ్యాలన్నారు, తేదీ ఇచ్చారు. పండక్కి సరిగ్గా పది రోజుల ముందు. వాయిదా వేస్తే మంచిది కాదన్నారు. ఆపరేషన్ తర్వాత నెల్లాళ్ళు నోరు మెదపకూడదు. గొంతు మారొచ్చు, పెగలకపోనూ వచ్చు. ఊరి పెద్దలు రెండు రోజులు కూర్చుని ఆలోచించారు. చివరికి మా నాన్నే ఒక దారి చెప్పారు. ఆపరేషన్‌కు ముందు అత్త గొంతు రికార్డు చేసి, పండగ రోజు ఆ గొంతును హారన్‌లో వినిపిద్దాం, ఆడవాళ్ళు దానికి అందుకుంటారు, గొంతు ఆవిడదే కదా. తలుపులు మూసుకుని ఒక్కసారే పాడాలనీ, ఆ ఏటి పాట అదే లెక్కనీ పెద్దలు ఒప్పుకున్నారు. ఆ పని నా నెత్తిన పడింది. నేను ఎగిరి గంతేశాను, అది వేరే సంగతి.

అత్త ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు మా గదికి వచ్చింది. వెంట వచ్చిన ఊరి పెద్దాయన మైకు ముందు కొబ్బరికాయ కొట్టారు. కర్పూరం వెలిగిస్తానంటే మాత్రం నేను ఒప్పుకోలేదు, చుట్టూ పీచు పరుపులు మరి. తలుపులూ కిటికీలూ మూసేశాను. కింద మిషన్లు ఆగాయి. అత్త మైకు ముందు నిలబడి అటూ ఇటూ చూసింది.

"సముద్రం ఎటేపు పాపా?" అంది.

చూపించాను. మైకుకు వీపు పెట్టి అటు తిరిగి నిలబడింది. నేను మైకు ఎత్తుకెళ్ళి అటువైపు పెట్టాను. ఆవిడ ఒక చెవి మీద చెయ్యి వేసుకుని పాడింది. ఎలా పాడిందని అడిగితే నేను చెప్పలేను. గొంతు సన్నం, చివర కాస్త జీర, పైకి లేచినప్పుడు ఎక్కడా తడబాటు లేదు. నేను మీటర్లు చూడ్డం మర్చిపోయి వింటూ కూర్చున్నాను. పాట అయ్యాక అలవాటు కొద్దీ, అత్తా ఇంకోసారి పాడతావా అన్నాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"ఒక్కసారే. అమ్మోరు ఇన్నాది," అంది.

వెళ్ళబోతూ కంప్యూటర్ తెర మీద ప్లగిన్ల వరస చూసి, ఇవన్నీ ఏమిటని అడిగింది. గొంతుకు వేసే మందుల్లాంటివి అత్తా, నీ గొంతును ఇంకా గొప్పగా చేస్తాను చూడు అని చెప్పాను. 

"నెత్తళ్ళకి ఉప్పెయ్యం పాపా. ఎండ సాలు వాటికి," అని తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఎండుచేపల సంగతి నాకెందుకని నేను పట్టించుకోలేదు.

ఆ తర్వాత వారం రోజులు నేను చేసిన ఘనకార్యం చెబుతాను. సన్నాయి, డప్పులు వేరేగా రికార్డు చేసి పెట్టుకున్నాను. అత్త గొంతు మీద మాత్రం ప్రయోగాలు మొదలెట్టాను. ఒక గుడి మోత పెట్టాను, తీసి పెద్ద హాలు మోత పెట్టాను, తీసి రెండూ పెట్టాను. జీర కోశాను. అయ్యో జీర పోయిందని ఇంకో ప్లగిన్‌తో జీర అతికించాను. మీరు నవ్వినా ఫర్లేదు. పన్నెండు ప్లగిన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కేసరికి నా ముసలి లాప్‌టాప్ నత్తిగా మాట్లాడ్డం మొదలెట్టింది. అప్పుడు పన్నెండింటినీ గొంతులో కలిపేసి ఒకే ఫైలుగా చేసి, చోటు చాలక అసలు గొంతు ఫైలును చెరిపేశాను. ఇంకోసారి పాడని మనిషి పాడిన ఒకే ఒక్క పాట. చెరిపేశాను. ఎందుకంటే ఆ రోజు నాకు నా పన్నెండు ప్లగిన్ల మీద అంత నమ్మకం.

ఆ పన్నెండో ప్లగిన్ గురించి చెప్పాలి. అది గొంతును వెడల్పు చేస్తుంది. గొంతుకు ఒక నకలు తీసి, దాన్ని తలకిందులు చేసి రెండో చెవిలో వినిపిస్తుంది. బటన్ చివరంటా తిప్పి ఇయర్‌ఫోన్లలో వింటే అత్త గొంతు ఒడ్డు పొడుగునా పరుచుకున్నట్టు అనిపించింది.  నాన్నను పిలిచి వినిపించాను. ఆయన మామూలుగానే ఒకటి కుడి చెవిలో పెట్టుకుని విన్నారు. బాగుందన్నారు. తర్వాత చెవిలోంచి అది తీసి చేతిలో పట్టుకుని, ఒక్కపాలి హారన్‌లో విని చూడమన్నారు. పండక్కి ముందు పాట బయటికి వినపడకూడదు కదా నాన్నా, హారన్‌లో వేస్తే ఊరంతా వింటుంది అన్నాను. ఆ పాట వద్దు, వేరే ఏదైనా పాటకు ఇవే మందులు వేసి విను అన్నారు. సరైన మాట. నాకూ తెలుసు సరైన మాటని. కాని సజ్జ మీద హారన్ దింపాలి, తుడవాలి, వైర్లు వెతకాలి. పైగా హారన్ కాలం మనిషి నాకు చెప్పడమా! నాకు తెలుసు నాన్నా అని తలుపు వేసుకున్నాను.

పండగ రోజు పొద్దున్నే మేం హారన్లు ఆటోలో వేసుకుని వెళ్ళాం. నాన్న సరుగుడు కర్రకు రెండు హారన్లు కట్టారు. నా లాప్‌టాప్ నుంచి ఎర్ర వైరూ తెల్ల వైరూ ఆంప్లిఫయరుకు వెళ్ళాయి. ఒడ్డు మీద పడవలన్నీ ముక్కులు సముద్రం వైపు పెట్టి వరసగా ఉన్నాయి, వాటికి పసుపు పూసి వేపాకులు కట్టారు. ఆడవాళ్ళు ఘటాలతో వచ్చి నిలబడ్డారు. అత్తను ముందు రోజే విశాఖపట్నం నుంచి తీసుకొచ్చారు. మెడకు పట్టీ, దాని మీద తువ్వాలు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. నన్ను చూసి కళ్ళతోనే నవ్వింది. తన గొంతు ఎలా వచ్చిందో ఆవిడ అప్పటికి ఒక్కసారీ వినలేదు.

పెద్దాయన చెయ్యి ఊపారు. పాట పెట్టాను. డప్పులు మొదలయ్యాయి, సన్నాయి లేచింది, అందరూ తలలెత్తారు. గొంతు రావలసిన చోటు వచ్చింది. గొంతు రాలేదు.

డప్పులు మోగుతున్నాయి. సన్నాయి మోగుతోంది. మధ్యలో ఎక్కడో నూతి అడుగున ఎవరో మూలుగుతున్నట్టు చిన్న మోత, అంతే. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందుకోవడానికి ముందు పాడే గొంతు లేదు కదా, ఎవరూ నోరు విప్పలేదు. సౌండు పెంచమని పెద్దాయన సైగ చేశారు. నాన్న పెంచారు. సన్నాయి చెవులు చిల్లులు పడేలా అరిచింది, గొంతు మాత్రం లేదు. నా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూశాను, అందులో అత్త దివ్యంగా పాడుతోంది.  అసలు గొంతు ఫైలు ఉంటే అది పెట్టేదాన్ని. దాన్ని నా చేతులతోనే చెరిపేశాను.

అప్పుడు అత్త కుర్చీలోంచి లేచింది. తువ్వాలు తీసి పక్కన పెట్టింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని సముద్రం వైపు తిరిగి, గాలి గట్టిగా లోపలికి తీసుకుంది. ఆవిడ ఏం చెయ్యబోతోందో అందరికీ అర్థమైంది. నేను పరుగెత్తుకెళ్ళి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను.

"అత్తా, వద్దు. నీ గొంతు శాశ్వతంగా పోతుంది. నా తప్పు ఇది. ఒక్క నిమిషం ఆగు, నీ కాళ్ళు పట్టుకుంటాను," అన్నాను. ఆవిడ పడవల వైపు చూపించింది. కోపం లేదు ఆ మొహంలో, అదే నన్ను ఎక్కువ ఏడిపించింది.

వెనక నుంచి నాన్న పిలిచారు. ఆంప్లిఫయరు ముందు ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు.

"ఆ గొంతుకి నువ్వు ఏటి సేసినావు? దాసకుండా సెప్పు."

చెప్పాను. గొంతు ఒక చెవిలో మామూలుగా, రెండో చెవిలో అదే గొంతు తలకిందులుగా. చెబుతుండగానే నా నెత్తి మీద చిన్నప్పటి మొట్టికాయ మళ్ళీ పడ్డట్టయింది. ఇయర్‌ఫోన్లలో ఆ రెండూ వేరు వేరు చెవుల్లోకి వెళ్తాయి కాబట్టి వినిపిస్తాయి. హారన్‌కు అలా కాదు. రెండు వైర్లలో వచ్చింది ఆంప్లిఫయరు కలిపేసి ఒక్కటి చేస్తుంది. ఒకటి తోస్తుంటే ఒకటి లాగుతుంది. నేను పన్నెండు ప్లగిన్లు పెట్టి అత్త గొంతును అత్త గొంతుతోనే చెరిపేశాను.

నాన్న నన్ను తిట్టలేదు. ఆంప్లిఫయరు మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో తెల్ల వైరు మెడ పట్టుకున్నారు.

"దీన్ని కూడా నాలాగ ఒక సెవితో ఇనమను," అని పీకేశారు.

అత్త గొంతు ఒడ్డు మీదికి వచ్చింది.

పాట మధ్యలోంచి వచ్చింది. నేను పరుగెత్తి మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. డప్పులు, సన్నాయి, ఆ తర్వాత ఆ సన్నని గొంతు, సరుగుడు తోట మీదుగా, పడవల మీదుగా. ఆడవాళ్ళు వెంటనే అందుకున్నారు. అత్త నిలబడిన చోటే నిలబడి తన గొంతు తాను వింది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం మాత్రం రానివ్వలేదు. నేను ఆవిడ పక్కన ఇసకలో కూలబడి ఏడ్చాను. పాట అయ్యాక పడవలు ఒక్కొక్కటే నీళ్ళలో దిగాయి.

ఇంటికి వచ్చిన మర్నాడు కంప్యూటర్ ముందు కూర్చుని ప్లగిన్లు ఒక్కొక్కటే తీసెయ్యడం మొదలెట్టాను. మూడు రోజులు పట్టింది. ఒక హారన్‌ను సజ్జ మీంచి దింపి మా గది కిటికీ పక్కన కట్టాను. ప్రతి ప్లగిన్నూ దానిలో విన్నాను. ఒకే వైరుతో, ఒకే హారన్‌లో పెట్టినప్పుడు మేలు చేసేదే ఉంచాను. ఉంచాలో తియ్యాలో తేల్చుకోలేనప్పుడు నాన్నను పిలిచి, ఏది పెట్టానో చెప్పకుండా రెండు రకాలుగా వినిపించేదాన్ని. ఆయన చెప్పిందే తీర్పు. చివరికి ఏడు మిగిలాయి. మందం ఎక్కువైన గొంతును కోసేది ఒకటి, అణిచి లేపేది ఒకటి, సకారాలు గుచ్చుకోకుండా చేసేది ఒకటి, మోత ఒకటి, ఇలా. ఆ ఏడింటితోనే నా పని గబగబా అవుతోంది. కొత్త పాట వస్తే ముందు అసలు గొంతును రెండు చోట్ల దాచి, ఆ తర్వాతే దాని మీద చెయ్యి వేస్తున్నాను. నేనేదో మారిపోయిన మనిషినని అనుకోకండి. పోయిన వారం కూడా ఊరికే వస్తోందని ఒకటి దింపాను. హారన్ ముందు నిలబడలేక అదే రోజు వెళ్ళిపోయింది.

అత్త నుంచి మాత్రం నెల దాటాక కూడా కబురు లేదు. ఒకరోజు ఫోను మోగింది. అవతల ఒక బొంగురు గొంతు, మగమనిషి అనుకుని ఎవరండీ అన్నాను. నానే పాపా అంది.  గొంతు వచ్చింది గాని అది ఆవిడ గొంతు కాదు. సన్నదనం పోయింది, బరువుగా కిందికి దిగిపోయింది. ఆవిడ కొంచెంసేపు క్షేమసమాచారాలు అడిగి, తర్వాత అసలు సంగతికి వచ్చింది. ఇక తాను పాడనని, ఏటా ఆ రికార్డే వెయ్యమని అంది.

"మిషన్లో నా పాత గొంతుక తేగలవేటి?" అని కూడా అడిగింది.

గొంతును పైకి ఎత్తే ప్లగిన్లు ఉన్నాయి. అత్త ఫోనులో మాట్లాడిన మాటలు నా ఫోనులో రికార్డయి ఉన్నాయి. ఆ పొద్దంతా కూర్చుని వాటిని పైకి ఎత్తి చూశాను. సన్నగా అయింది. జీర కూడా వచ్చింది. వింటుంటే ఎవరో పరాయి మనిషి అత్త చీర కట్టుకుని వచ్చి నా ముందు కూర్చున్నట్టు ఉంది. నాన్నకు వినిపించాను. ఆయన సగంలోనే చెవిలోంచి తీసేశారు. నేను ఆవిడకు ఫోను చేసి, తేలేను అత్తా అన్నాను. కావాలంటే తెచ్చి చూపించగలిగేదాన్నే. కాని అది ఆవిడకు ఇవ్వాలనిపించలేదు.  సరేలే, ఆ రికార్డు బాగా దాచు, అని పెట్టేసింది.

ఈ ఏడాది పండక్కి మళ్ళీ వెళ్ళాం. అదే సరుగుడు కర్ర, అవే హారన్లు. లాప్‌టాప్ నుంచి ఆంప్లిఫయరుకు ఈసారి ఎర్ర వైరు ఒక్కటే పెట్టాం. నాన్న ఎవరూ చెప్పకుండానే ఒక మైకు కూడా తెచ్చి స్టాండుకు బిగించారు. ఎవరికి నాన్నా అని అడిగితే, ఉండనీ అన్నారు. ఘటాలు ఎత్తుకున్న ఆడవాళ్ళ వెనక, చివర అత్త నిలబడింది. ముందుకు రాలేదు. ఏడాది పాటు ఆ పాట ఎవరూ కూనిరాగం కూడా తియ్యరు కాబట్టి, ఆ కొత్త గొంతు పాడగలదో లేదో ఆవిడకు కూడా తెలియదు.

పెద్దాయన చెయ్యి ఊపారు. నా వేలు బటన్ మీద ఉంది. నొక్కబోయేంతలో అత్త వరస దాటుకుని వచ్చి, ఆగమన్నట్టు అరచెయ్యి చూపించింది. మైకు దగ్గరికి వెళ్ళి సముద్రం వైపు తిరిగింది. నాన్న చప్పున మైకు స్టాండు ఎత్తి అటువైపు పెట్టారు. అత్త చెవి మీద చెయ్యి వేసుకుని మొదలెట్టింది. మొదటి మాట దగ్గరే గొంతు పగిలింది. గాలి తప్ప ఏమీ రాలేదు. నా వేలు ఇంకా బటన్ మీదే ఉంది. నొక్కితే ఆవిడ పాత గొంతు వస్తుంది, పండగ జరిగిపోతుంది. నొక్కలేదు. అత్త కళ్ళు మూసుకుని, ఒకసారి మింగి, ఈసారి బాగా కింద నుంచి ఎత్తుకుంది. బొంగురుగా, బరువుగా, ఎక్కడా ఆగకుండా మొదటి చరణం చివరి దాకా వెళ్ళింది.

ఆడవాళ్ళు అందుకోలేదు. పాతికేళ్ళుగా వాళ్ళు అందుకున్నది పై శ్రుతిలో.  అప్పుడు ఘటాల వరసలో అందరికన్నా పెద్దావిడ, పళ్ళు లేని నోటితో, అత్త శ్రుతికి దిగి అందుకుంది. ఆవిడ వెంట ఇంకొకరు, ఆ వెంట అందరూ. నేను ఎప్పుడూ వినని పాటలా ఉంది అది. ముప్పై మంది ఆడవాళ్ళు ఒకరి కోసం తమ గొంతులు కిందికి దించుకుని పాడుతున్నారు.

నాన్న కుడి చెవి అత్త వైపు తిప్పి రెండు చరణాలు విన్నారు. తర్వాత వంగి, ఆంప్లిఫయరుకు మిగిలున్న ఆ ఎర్ర వైరు కూడా పీకి, చుట్టచుట్టి నా చేతిలో పెట్టారు.

"దీంతో పని నేదే ఇంక," అన్నారు.

నేను లాప్‌టాప్ మూసేసి, వైరు ఒళ్ళో పెట్టుకుని, ఇసకలో కూర్చుని పాట చివరి దాకా విన్నాను.